కొండకా, మొహానికా

మా ఇంట్లో ఫోటోలకు కొదవలేదు, మొహాలకే కొదవ. ఒక ట్రంకుపెట్టె నిండా ఫోటోలుండేవి. మొగిలి ఘాటు కొండలు, హార్సిలీ కొండలు, తలకోన పైనున్న గుట్టలు, తిరుపతి వెనకాల ఎర్రగా గోడ కట్టినట్టు నిలబడే బండలు. పొద్దున తీసినవి కొన్ని, పొద్దు గుంకేటప్పుడు తీసినవి కొన్ని, వానకు ముందువి, వాన వెలిశాక తీసినవి. వాటిలో కొన్నిటి ముందు అమ్మా నేనూ కూడా ఉంటాం. అది మేమేనని మాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను గానీ, చూసేవాళ్లకు తెలిసే దారి లేదు. తల నుంచి కాళ్ల దాకా మసి పూసినట్టు చీరకట్టు ఆకారం ఒకటి, రెండు జడల ఆకారం ఒకటి. వెనక మబ్బు మాత్రం పొరలు పొరలుగా, వేలు పెట్టి లెక్కపెట్టుకునేంత బాగా వచ్చి ఉంటుంది.

మా నాయన చిత్తూరులో బడి డ్రాయింగు మాస్టరు. పిల్లల చేత మామిడికాయా, జెండా గీయించి జీతం తీసుకునేవాడు. మిగతా బతుకంతా కొండల ఫోటోలు తీశాడు. శివకాశి ప్రెస్సులకు క్యాలెండర్ బొమ్మలు కుదిర్చే ఏజెంటు ఒకాయన తొలిరోజుల్లో ఆయనకు కెమెరా పట్టుకోవడం నేర్పాడట. ఆ ఏజెంటు చెప్పిన ఒక్క మాటను మా నాయన వేదం చేసుకున్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను.

"వెలుతురు ఒకదానికే పెట్టాల. కొండకు పెడితే మొహం నల్లబడతాది. మొహానికి పెడితే కొండ కాలిపోతాది. ఏది కావాలో ముందే తేల్చుకోవాల."

ఆయన ఎప్పుడో తేల్చుకున్నాడు. మొహం వైపు తేల్చుకోగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇదంతా కోపంతోనే రాస్తున్నాను. వయసు మీద పడితే కోపాలు కరిగిపోతాయంటారు, ఎవరికి కరిగాయో నాకు తెలియదు. నాది ఉప్పులో వేసిన నిమ్మకాయలాగా ఊరింది.

ఆదివారం వచ్చిందంటే మాకు శిక్ష. చీకటి ఉండగానే లేపి, పలమనేరు బస్సెక్కించి, ఘాటు మధ్యలో ఏ ఊరూ లేని చోట దింపేవాడు. కండక్టరు ప్రతిసారీ అడిగేవాడు: "ఈడేముండాదని దిగతారప్పా?" అమ్మ చేతిలో సంగటి, ఊరుబిండి ఉన్న క్యారియరు. నా చేతిలో కెమెరా స్టాండు. నాయన ముందు నడిచేవాడు, వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. చూసినా మా కోసం కాదు, పొద్దు ఎంత పైకొచ్చిందోనని.

నన్ను ఏదో ఒక బండ మీద నిలబెట్టేవాడు. ఎందుకంటే మనిషి ఉంటేనే కొండ ఎంత పెద్దదో తెలుస్తుందట. టైలరు దగ్గర టేపు ఉన్నట్టు ఆయన దగ్గర నేనున్నాను. కొన్నిసార్లు మబ్బు పక్కకు జరగాలని, కొన్నిసార్లు మబ్బు రావాలని, ఎండలో, ముసురులో, చలిలో నిలబడి ఉండేదాన్ని. ఒకసారి సీతాఫలం పొద మీద కాలు జారి మోకాలు చీరుకుపోయింది. రక్తం పాదం దాకా కారింది. నేను ఏడుస్తుంటే ఆయన అక్కడి నుంచే అరిచాడు: "కదలొద్దు పాపా, వెలుతురు పోతాంది!" ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. చాలా గొప్ప ఫోటో. మొగిలి లోయ మొత్తం సగం నీడలో, సగం మెరిసే ఎండలో ఉంటుంది. చివర ఒక నల్లటి పుల్ల ఉంటుంది, అది నేను.

ఆయనకు కన్ను లేదని నేను అనను. కన్ను లేనివాడైతే పాపం చేతకానివాడని ఊరుకునేదాన్ని. ఎండాకాలంలో మా కొండలు బూడిద పోసినట్టుంటాయి, అప్పుడు కెమెరా ముట్టేవాడు కాదు. కార్తీకంలో ముసురు పట్టిందంటే ఆయన ఇంట్లో నిలిచేవాడు కాదు. తుపాను దాటిపోయిన మర్నాడు గాలి కడిగినట్టుంటుందనీ, ఆ ఒక్కరోజు కొండ ముందుకు జరిగి మన పెరట్లో నిలబడినట్టు కనిపిస్తుందనీ నాకు ఆయనే చూపించాడు. మంచు దిగే పొద్దున లోయలో పాలు పోసినట్టుండే పొగమంచును ఎక్కడి నుంచి చూడాలో ఆయనకు తెలుసు. ఇన్ని వెలుతుర్లు తెలిసినవాడికి పొయ్యి ముందు కూర్చున్న మనిషి మొహం మీద పడే వెలుతురు కనపడకపోవడమే నాకు ఒళ్లు మండించేది.

అమ్మ ఒకసారి నోరు విడిచి అడిగింది. "నా మొహం పడేటట్టు ఒక్కటి తియ్యి. రేపు నాకేమన్నా అయితే పటం కట్టేదానికన్నా ఉండాల గదా."

"మొహాలు తీసేదానికి ఊర్లో స్టూడియోలు లేవా?" అన్నాడు నాయన.

"మొగుడు ఇంట్లో కెమెరా పెట్టుకోనుంటే నేను ఇంకోడి ముందర స్టూలెక్కి కూర్చోవాలా? ఊరు నవ్వతాది" అంది అమ్మ. ఆమె పోలేదు, ఆయన తీయలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, మా ఇంట్లో పెరటి చెట్టే మందు ఇవ్వనంది. పెళ్లినాటి ఫోటోను అప్పటికే చెదలు తినేశాయి. చుట్టాల పెళ్లి ఆల్బమ్‌లలో అమ్మ ఎప్పుడూ వీపే, వంటల దగ్గర వంగి ఉంటుంది. ఓటరు కార్డు మీద ఉన్నది అమ్మేనని ఆ కార్డు తీసినవాడు కూడా ప్రమాణం చేసి చెప్పలేడు.

ఇక ఆ వాన రోజు సంగతి చెప్పాలి.

అమ్మా నాయనా గొడవపడని ఆదివారం లేదు గానీ, అంత గొడవ నేను అంతకు ముందు చూడలేదు. కార్తీకపు ముసురు. మొగిలి ఘాటు మీద పలమనేరు వైపు నుంచి వాన తెరలాగా నడిచొస్తోంది. మా నెత్తిన మబ్బు, తెరకు ఇవతల కొండ మీద మాత్రం ఎండ పడి మెరుస్తోంది. అలాంటి వెలుతురు ఏడాదికొక్కసారి వస్తే వస్తుంది. నాయన ఉరుకుతూ స్టాండు నిలబెట్టాడు. నాకు జ్వరంగా ఉందని ఆ రోజు అమ్మను నిలబెట్టాడు బండ అంచున. గొడుగు మూసెయ్యమన్నాడు, గొడుగుంటే కొండకు అడ్డమట.

ఆ పాత కెమెరాతో ఒక తిరకాసు ఉండేది. లెన్సు కన్ను బార్లా తెరిస్తేనే బొమ్మ స్పష్టంగా ఉందో లేదో చూసుకోవడానికి వీలయ్యేది. చూసుకున్నాక, బటన్ నొక్కే ముందు, ఆ కన్నును చేత్తో తిప్పి సన్నం చేయాలి. లేకపోతే వెలుతురు పొంగిపోయి ఫిలిం కాలిపోతుంది. నాయన అది ఏనాడూ మరిచిపోలేదు.

ఆయన లెన్సు తెరిచి చూసుకుంటున్నాడు. ముందుగా వచ్చిన తుంపరకు అమ్మ చీర తడిసి కాళ్లకు చుట్టుకుంటోంది. "అయిపాయనా?" అంది. "ఇంకొంచెం పక్కకు జరుగు" అన్నాడు. జరిగింది. "తల అట్ల తిప్పు, మబ్బుకు అడ్డం వస్తాండావు" అన్నాడు. తిప్పింది. "ఇంకొంచెం కిందికి దిగు, నువ్వు పెద్దగా కనిపిస్తాండావు" అన్నాడు. అప్పుడు అమ్మ దిగలేదు. రెండడుగులు కెమెరా మీదికే వచ్చింది. కొంగు గాలికి ఎగురుతోంది. కొండలు మారుమోగేటట్టు అరిచింది.

"ఏమయ్యా, ఎన్నేండ్లయినాది నన్ను సూసి? కొండను కాదు, నన్ను సూడు! ఒక్క తూరి నన్ను సూడు!"

"గమ్మునుండు!" అని అరుస్తూనే ఆయన బటన్ నొక్కేశాడు. నొక్కాక గానీ గుర్తు రాలేదు, లెన్సు కన్ను బార్లా తెరిచే ఉందని. ఈలోగా వాన తెర మా మీదికి వచ్చేసింది. కొండ లేదు, లోయ లేదు, ఏమీ లేదు. నాయన తల పట్టుకున్నాడు. "చెడిపోయినాది! నీ నోటి వల్ల చెడిపోయినాది!" బస్సులో వాళ్లిద్దరూ చెరొక సీట్లో కూర్చున్నారు. నేను మధ్యలో జ్వరంతో వణుకుతూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక కూడా ఎవరికీ ఎవరి మీదా జాలి లేదు, నాకు అన్నం పెట్టాలని ఇద్దరికీ గుర్తు లేదు.

మమ్మల్ని నిలబెట్టి తీసే నలుపు తెలుపు ఫిలిం ఆయనే బాత్రూములో కడిగేవాడు, క్యాలెండర్లకు పోయే రంగుల స్లైడు ఫిలిం మాత్రం శివకాశి ఏజెంటుకే పంపేవాడు. నలుపు తెలుపు ఫిలింలో అంతా తలకిందులు: వెలుతురు ఎక్కువ పడ్డచోట నల్లగా, పడనిచోట గాజులాగా ఉంటుంది. ఆ రోజు తీసిన ముక్క తారు పూసినట్టు నల్లగా వచ్చింది. దీపానికి కూడా ఎత్తి చూడకుండా కత్తిరించి, చెడిపోయిన ఫిలిములు వేసే డబ్బాలో పడేశాడు.

మరుసటి ఏడాది సూర్యగ్రహణం వచ్చింది. మా వీధిలో వాళ్లకు మా నాయన ఫోటోలతో ఎప్పుడూ పని పడలేదు, ఆ రోజు పడింది. "మాస్టరూ, నల్ల ఫిలిం ఉంటే ఇయ్యప్పా, సూర్యుణ్ణి సూడాల" అని జనం మా గుమ్మం ముందు మూగారు. అలా చూడకూడదని ఇప్పుడు చెబుతున్నారు గానీ, అప్పుడు అందరమూ అలాగే చూశాం. నాయన చెడిపోయిన ఫిలిముల డబ్బా తెచ్చి నల్లగా ఉన్నవి ఏరి పంచాడు. ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత. అమ్మ అప్పటికే ఊరగాయ జాడీల మీదా, నీళ్ల బిందె మీదా దర్భలు వేసి, స్నానం చేసి మిద్దె మీదికి వచ్చింది. నాయన ఒక ముక్క ఆమెకూ ఇచ్చాడు, ఆమె వైపు చూడకుండానే. అమ్మ దాన్ని కంటికి పెట్టుకుని కొరికిన అప్పచ్చిలాగా ఉన్న సూర్యుణ్ణి చాలాసేపు చూసింది.

"ఇది బాగుండాది, కండ్లు మండలా" అంది. "వచ్చే గ్రహణానికి పనికొస్తాది." దర్భలు పెట్టే రేకు గొట్టంలో దాన్ని కూడా దోపేసింది. మిగిల్చిన దారం ముక్కా, ఖాళీ సీసా మూతా కూడా అలాగే దాచేది అమ్మ. మేమెవరం పట్టించుకోలేదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. నేను తిరుపతిలో ఒక సెంటర్లో చేరాను. పెళ్లి ఆల్బమ్‌లు, క్యాలెండర్లు, ఫ్లెక్సీలు చేసేవాళ్లం. పెళ్లికూతుర్ని తెల్లగా చేయడం, పెళ్లికొడుకు పొట్ట తగ్గించడం, రాని మేనమామను తెచ్చి వరసలో నిలబెట్టడం నా పని. చేతులు కదిపితే ఎండ వస్తుంది, ఇంకోసారి కదిపితే వాన పోతుంది. నాకు ఆ పని మీద ప్రేమ కంటే కసి ఎక్కువ ఉండేది. మా నాయన పగలంతా కాచుకుని పట్టలేకపోయిన వెలుతురును నేను టీ తాగుతూ తెచ్చేసేదాన్ని.

ఒకసారి బంగారుపాళ్యం వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టిన ఒకాయన క్యాలెండరు చేయించుకోవడానికి వచ్చాడు. "ఎనక కొండ పచ్చగా ఉండాల. ముందర బెంగుళూరా కాయలు పండి యేలాడతా ఉండాల" అన్నాడు. మా జిల్లాలో పుట్టిన మేకపిల్లకు కూడా తెలుసు, కాయలు పండే రోజులకు కొండ మాడిపోయి ఉంటుందని, కొండ పచ్చబడే కార్తీకానికి మామిడి చెట్టు మీద ఆకులు తప్ప ఏమీ ఉండవని. అయినా అడిగినవాడు డబ్బులిచ్చేవాడు. శివకాశి ఏజెంటు దగ్గర కొన్న పాత స్లైడు ఒకటి ఆయనే తెచ్చి నా టేబులు మీద పెట్టాడు. ఎత్తి చూస్తే అది మా నాయన తీసిందే. మొగిలి కొండ, దాని నెత్తిన నల్లటి ముసురు మబ్బు. నేను మబ్బు తీసేసి నీలం ఆకాశం పెట్టాను. ఎండాకాలం కాయలు తెచ్చి ముందర వేలాడదీశాను. ఫ్యాక్టరీ ఆయనకు మహా సంతోషం వేసింది.

ఆ క్యాలెండరును నాయన మంగలి అంగట్లో చూశాడట. సగం గడ్డంతోనే లేచొచ్చేశాడట. నేను ఆ ఆదివారం ఇంటికి పోయేసరికి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"ముసురు యాడ పెట్టినావు?"

"పారేసినాను."

"రెండు రోజులు కాసుకోనుంటే వచ్చింది ఆ మబ్బు. నువ్వు తెచ్చి పెట్టింది దొంగ వెలుతురు. థూ, ఇదొక పనా?"

"నీది నిజం వెలుతురే గదా నాయనా. దాంట్లో మా అమ్మ మొహం యాడుండాదో చూపించు."

ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. నేను పోతే ఆయన పెరట్లోకి పోయేవాడు. అమ్మ ఇద్దరికీ వేరు వేరుగా వడ్డించేది. ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పేవాళ్లం, గోడ పక్కన అమ్మ ఉండేది కాబట్టి.

ఆ గోడ కూడా పోయింది. ఒక ఎండాకాలం అమ్మకు జ్వరం తగిలింది. మామూలు జ్వరమేనన్నారు, తర్వాత కాదన్నారు. నేను తిరుపతి నుంచి వచ్చేసరికి ఆమె కళ్లు తెరిచే స్థితిలో లేదు. రెండు రోజులకు పోయింది.

ఏడుపులయ్యాక మా పిన్నమ్మ, అమ్మ చెల్లెలు, దేవుడి గూటి వైపు చూసి అడిగింది. "అక్క పటం యాడ? దినాల నాటికి పటం కట్టించాల గదా. ఫోటో ఇయ్యండి."

నేను నాయన వైపు చూశాను.

"ఏం బావా, ఇంటినిండా ఫోటోలుండాయే! ఒక్కటి ఇయ్యలేవా?"

నాయన లేచి ట్రంకుపెట్టె దగ్గరికి పోయాడు. ఒక్కొక్క ఫిలిం కవరూ తీసి వెలుతురులో పట్టి చూస్తున్నాడు. చూసి పక్కన పెడుతున్నాడు, ఇంకోటి తీస్తున్నాడు. కవర్లు అయిపోయేదాకా చూశాడు. నేను గడపలో నిలబడి అదంతా చూశాను. అబద్ధం చెప్పను, అప్పుడు నా కడుపు కొంత చల్లబడింది. ఆ వెంటనే భయం వేసింది. నాలుగేళ్లు పోతే అమ్మ మొహం నాకే గుర్తుండదేమోనని, అప్పుడు ఎవరిని అడగాలని.

రెండో రోజు నాయన ఆ కవర్లన్నీ సంచిలో వేసుకుని నా వెంట తిరుపతి బస్సెక్కాడు. నేను పనిచేసే చోటికి ఆయన రావడం అదే మొదటిసారి. కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

"మీయమ్మ దీంట్లో ఉండాది. నువ్వు చీకటిని వెలుతురు చేస్తావంట గదా. లాగు."

ఫిలింను స్కానర్‌లో పెట్టి అమ్మ ఆకారం మీదికి పోయాను. వెలుతురు పెంచాను. నలుపు బూడిదరంగు అయింది. ఇంకా పెంచాను. బూడిదలో ఇసుక చల్లినట్టు చుక్కలు వచ్చాయి. కన్ను లేదు, ముక్కు లేదు. ఇంకో ఫిలిం పెట్టాను. మళ్లీ ఇసుకే. దాని వెనక కొండ ఎంత అందంగా ఉందో చెప్పలేను.

"ఇంకా లాగు" అన్నాడు.

"యాడుండాది నాయనా లాగేదానికి? ఫిలిం మీద పడి ఉంటే గదా వచ్చేది. నువ్వు పడనియ్యలేదు."

"ఉండాది. ఆమె ఆడనే నిలబడి ఉండ్లా? నేను సూసినా గదా!"

"నువ్వు సూళ్ళేదు" అన్నాను. పక్క టేబులు దగ్గర ఉన్నవాళ్లు మావైపు తిరిగారు. ఆయన సంచి తీసుకుని బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. నేను పిలవలేదు.

దినాలకు ముందు అయ్యవారు వచ్చి కావలసినవి చెప్పిపోయాడు. నువ్వులు, దర్భలు, కొత్త గుడ్డ. "దర్భలు అక్క గొట్టంలో ఉంటాయి" అంటూ పిన్నమ్మ వంటింటి అటక మీద వెదికి రేకు గొట్టం తెచ్చింది. చాపమీద బోర్లించింది. దర్భలతో పాటు నల్లటి ఫిలిం ముక్క జారిపడింది. "ఇదేందే?" అని పారేయబోతుంటే నేను పట్టుకున్నాను. గ్రహణం రోజు అమ్మ కంటికి పెట్టుకున్న ముక్క.

వాకిట్లో ఎండకు ఎత్తి చూశాను. ముప్పాతిక భాగం తారే. కింది భాగంలో నడుమ మాత్రం నలుపు పలచబడి ఉంది. అందులో ఒక ఎగిరే కొంగు ఉంది. కొంగు పైన ఒక మొహం ఉంది. ఫిలింలో అన్నీ తలకిందులు కాబట్టి కళ్లు తెల్లగా, జుట్టు గాజులాగా ఉన్నాయి, అయినా అది అమ్మేనని నాకు తెలిసిపోయింది. నాయన తీసి చెడిపోయిందని పడేసిన వాన రోజు ఫోటో అది. ఆయన లెన్సు కన్ను సన్నం చేయడం మరిచిపోయాడు కాబట్టి ఆమె మొహం మీదికి సరిపోయినంత వెలుతురు పడింది. ఆమె ఆ రోజు తిట్టకపోతే ఆయన మరిచిపోయేవాడు కాదు.

అప్పుడే తిరుపతి బస్సెక్కాను. నాయన కూడా ఎక్కాడు. నేను రమ్మనలేదు, వద్దనలేదు.

స్కానర్ నుంచి బొమ్మ తెర మీదికి మెల్లగా దిగుతూ వచ్చింది. నలుపూ తెలుపూ మార్చగానే ముందర మొత్తం తెల్లటి తెలుపు, కొండ లేదు, ఆకాశం లేదు, మధ్యలో మా అమ్మ ఉంది. ముక్కుపుడక. గడ్డం మీద చిన్న గాటు. నుదుటి మీద వాన చుక్క. కనుబొమలు ముడిపడి, కళ్లు నిప్పులు కురిపిస్తూ, నోరు గుండ్రంగా తెరుచుకుని ఉంది. ఏ మాట దగ్గర ఉందో నాకు తెలుసు. 'సూడు' అనే మాటలో 'సూ' దగ్గర ఉంది.

నాయన నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. ఆయన ఊపిరి నా చెవికి తగులుతోంది. అలవాటు చంపుకోలేక కాబోలు, అన్నాడు.

"కొండ కాలిపోయినాది."

ఆ మాట వినగానే నాలో ఏదో తెగింది. ఎక్కువ వెలుతురు పడిన ఫిలింలో బొమ్మ చచ్చిపోదు, నలుపు అడుగున దాక్కుంటుంది. అప్పటికి కొన్నేళ్లుగా ఆ పనే చేస్తున్నాను, నాకు తెలుసు. అమ్మను ముట్టుకోకుండా, తెల్లగా ఉన్న భాగం మాత్రం ఏరుకుని వెలుతురు దించడం మొదలుపెట్టాను. మొదట మబ్బు అంచు వచ్చింది. తర్వాత వాన తెర. ఇంకా దించితే మొగిలి కొండ మొత్తం, ఎండ పడిన బండలతో సహా, అమ్మ వెనక వచ్చి నిలబడింది. అమ్మ మొహం అలాగే ఉంది. కొండా అలాగే ఉంది.

"సూసినావా నాయనా?" అన్నాను. ఆయన్ను నొప్పించాలనే అన్నాను. "మీ ఏజెంటు చెప్పింది స్లైడుకు. స్లైడులో కాలితే కాలిందే, మళ్లీ రాదు. ఈ నలుపు తెలుపు ఫిలింకు ఆ మాట కాదు. దీనికి మొహానికి పెట్టుకోనుంటే కొండ యాడికీ పోదు. మా ఫోటోలన్నీ దీంతోనే గదా తీసినావు. అన్నిట్లోనూ ఇద్దరికీ చోటుండె."

ఆయన కుర్చీ వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ కమ్మీ కదలడం నా వీపుకు తెలుస్తోంది. తర్వాత తెర వైపు వేలు చూపించాడు.

"కొండ తీసెయ్ పాపా."

"తీయను."

"నాకొద్దు ఆ కొండ. తీసెయ్."

"నీకు వద్దయితే ఎట్లా? ఉండనీ. రోజూ సూడు."

పటం కట్టించాం. పిన్నమ్మ చూసి నోరు నొక్కుకుంది. "ఇదేం ఫోటోనే, అక్క ఎవురినో తిడతా ఉండాది! నోరు మూపించు, కొంచెం నవ్వించు. నీకొచ్చు గదా ఆ పని." వచ్చు. ఎందరినో నవ్వించాను. అమ్మను మాత్రం ముట్టుకోలేదు. అది దొంగ నవ్వు అవుతుందని నాయన చేత అనిపించుకోవడం నాకిష్టం లేదు. అంతకంటే, ఆ కోపం ఆమె కష్టార్జితం.

దినాల నాడు చుట్టాలందరూ పటం ముందు నిలబడి దండం పెట్టారు. పలమనేరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన భోజనం చేసి, తమలపాకు నములుతూ పటం వైపే చూస్తూ నాయనతో అన్నాడు. "కొండ ఎంత బాగా వచ్చినాదప్పా! ఆయమ్మ మొహమూ ఎంత కళగా వచ్చినాది! నువ్వు తీసిందేనా మాస్టరూ?"

అందరూ నాయన వైపు తిరిగారు. నేను విస్తళ్లు ఎత్తుతూ ఆగాను.

"తీసింది కాదప్పా" అన్నాడు నాయన. "చెడగొట్టింది."

ఆయన నోటి నుంచి నేను విన్న నిజమైన మాట అదొక్కటే. అయినా నా మనసు కరగలేదు, కరిగిందని చెబితే అమ్మకు అన్యాయం చేసినట్టవుతుంది. పటాన్ని నడవలో, ఆయన మంచానికి ఎదురుగా ఉన్న గోడకు నేనే మేకు కొట్టి తగిలించాను. ఆ ఫోటోలో అమ్మ అరిచింది కెమెరా వెనకున్న మనిషి మీద. అందుకని పటం ఎదురుగా ఎవరు నిలబడినా వాళ్లనే అడుగుతున్నట్టుంటుంది, నన్ను సూడు అని. పొద్దునే లేచి దీపం పెట్టేది నాయనే. ఇప్పుడు చూస్తున్నాడు.